నల్లగొర్రెల లెక్క

మా నాన్నకి చదువు రాదు.
నెవాడా కొండల మీద పద్దెనిమిది వందల గొర్రెల్ని కాచాడు,
మనుషుల్ని బాస్కు భాషలో తిట్టుకుంటూ,
కుక్కతో మాత్రం మెత్తగా మాట్లాడుకుంటూ.
నూరు తెల్లవాటికి ఒక నల్లది. అదే ఆయన పద్దు.
పొద్దుగూకి మంద వాగు దాటుతుంటే
నల్లవి పద్దెనిమిది కనబడ్డాయా, అన్నీ ఉన్నట్టే.
పదిహేడే అయితే
లాంతరు పట్టుకుని మళ్ళీ కొండెక్కాలి.

నేను కొండ దిగి రీనో వచ్చాను.
పంతొమ్మిదేళ్ళకి మెడకి నల్లటి బో కట్టుకుని
పచ్చగుడ్డ పరిచిన బల్ల వెనక నిలబడ్డాను.
ఒకే కట్ట, యాభై రెండు ముక్కలు,
ఆ రోజుల్లో దాదాపు అడుగుదాకా పంచేవాళ్ళం.
పాచికకి జ్ఞాపకం ఉండదు.
పేకకి ఉంటుంది, మళ్ళీ కలిపేదాకా.
ఇంత చిన్న సంగతి
మా యజమానులకి ముప్పై ఏళ్ళు తట్టలేదు.

అరవై నాలుగు ఫిబ్రవరి, బయట మంచు.
గోధుమరంగు కోటు, దానికి ఒక గుండీ వేరే రంగు,
అల్లంసోడా తప్ప ఏదీ ముట్టని యాభై ఏళ్ళావిడ.
మావాళ్ళు కళ్ళద్దాల ప్రొఫెసర్ల కోసం కాపు కాస్తున్నారు,
ఈమెని చూసి
కుర్చీ సర్దారు.

నేను చూశాను.
ఆమె చూపు ఏ ముక్క మీదా ఆగదు,
వాగు దాటే మంద మీద నాన్న చూపులాగే
తేలికగా జారిపోతుంది.
రెండు నుంచి ఆరు దాకా, పోతే ఒకటి కలుపు.
పది, బొమ్మ, ఆసు, పోతే ఒకటి తీసెయ్.
మధ్యవాటిని గాలికి వదిలెయ్.
చిన్నవన్నీ వాగు దాటేశాక
ఒక డాలరు పందెం ఇరవై అయ్యేది,
ముఖంలో మాత్రం ఒక్క గీతా కదలదు.

తొమ్మిది రాత్రులు నోరు విప్పలేదు నేను.
పదో రాత్రి బాస్ నా ట్రే లెక్కపెట్టి
"నీ బల్ల మీద ఏం జరుగుతోంది, మాయీ?" అన్నాడు.
రెండు నెలల అద్దె బాకీ ఉంది నాకు.
గడ్డంతో చూపించాను.
అంతే, మాట కూడా అక్కర్లేకపోయింది.

ఇద్దరు మనుషులొచ్చి ఆమె మోచెయ్యి తాకారు.
కోటు తొడుక్కుంటూ నాతో నెమ్మదిగా అంది:
"ఇంకా మూడు ఆసులున్నాయమ్మా."
ఆమె వెళ్ళాక మిగిలిన ముక్కలు తిరగేశాను.
ఇస్పేటు. కళావరు. చివర ఆఠీను.

డ్యూటీ దిగి బస్టాండుకి పరిగెత్తాను,
ఎందుకో అడక్కండి.
ఆర్డిస్ నైగార్డ్, డులూత్‌లో బీమా కంపెనీ గుమాస్తా.
ఆఫీసు మూశాక ముగ్గురు ఆడవాళ్ళు
చేతితో తిప్పే లెక్కల యంత్రం ముందు పద్నాలుగు నెలలు,
పాడైపోయిన ఫారాల వెనక
ప్రతి చేతికీ ఏం చెయ్యాలో రాసుకున్నారట.
ఒకామెకి మణికట్టు వాచి, ఇప్పటికీ తగ్గలేదట.
"ఇంతా చేసి ఎంత లాభం?" అన్నాను.
"నూటికి ఒకటి," అంది,
"అదీ ఓపిక ఉంటే."
నూటికి ఒకటి.
నాకు నాన్న గొర్రెల కంపు కొట్టింది, ఒట్టు.
క్షమించమని అడగలేదు నేను. ఆమె బస్సు వచ్చేసింది.

ఇప్పుడు ఎనిమిది కట్టలు ఒక్క పెట్టెలో.
వాడిన ముక్కలు వెంటనే యంత్రం పొట్టలోకి పోతాయి.
దాటిన గొర్రె వెనకనుంచి వచ్చి మళ్ళీ దాటుతుంది,
ఎంతసేపు చూసినా పొద్దుగూకదు.
అయినా ఊరి చివర ఒక పాత హాల్లో
ఇంకా చేత్తో పంచే బల్ల ఒకటుంది.
మంగళవారాలు అక్కడ కూచుంటాను,
ఎనభై దాటిన నాకు ఐదు డాలర్లే పందెం.

మొన్న నా పక్కన ఒక పిల్ల,
గోళ్ళు కొరుక్కున్న వేళ్ళు, నిద్రలేని కళ్ళు,
చూపు మాత్రం తేలికగా జారిపోతోంది.
పందెం పెంచింది.
కొత్త బాస్ నావైపు తిరిగి, పాత మనిషిని కదా,
కళ్ళతోనే అడిగాడు.

కుక్కని పిలిచే నాన్న ఈల ఒకటి
పెదాల దాకా వచ్చింది. మింగేశాను.
గడ్డాన్ని కండువాలో దాచుకుని
ఒక అల్లంసోడా తెమ్మన్నాను.