తరుగు

ఆదోని పత్తి యార్డులో
ముప్పైరెండేళ్లు కాటా పట్టినోన్ని.
బోరెం కొక్కేనికి తగిలిస్తే చాలు,
ముల్లు ఆగక ముందే నా నోరు అంకె చెప్పేది.
గోనె బరువు తీసెయ్, తేమకు రెండు కిలోలు తీసెయ్,
గుల్లకు, దుమ్ముకు, గుమస్తా టీ నీళ్లకు.
తీసేయడమే నా చదువు.

ఆదివారం చర్చిలో మాత్రం
జ్ఞానరత్నం అయ్యగారిది వేరే లెక్క.
"కృప అంటే కూలి కాదు దేవసహాయం.
కూలి అయితే గట్టిగా అడిగి తీసుకుంటావు.
దీన్ని ఏ ముఖం పెట్టుకొని అడుగుతావు?"
నేను తల ఊపేవాన్ని.
తల ఊపడానికి బరువేముంది.

లోపల ఇంకో తక్కెడ వేలాడుతానే ఉండేది.
ఒక పళ్లెంలో శుక్రవారం ఉపవాసాలు,
దశమభాగం రసీదులు,
రెక్కల మీద నా పేరు రాయించి
చర్చికిచ్చిన ఆరు ఫ్యాన్లు.
చాలకపోతే పైన విశ్వాసం పెట్టేవాన్ని,
పావుకిలో రాయి మాదిరి.
నమ్మినాను కదా సామీ,
ఇంకేం కావాల, దించు ముల్లు.

ఎన్ని పెట్టినా
అవతలి పళ్లెంలో ఒక బోరెం కదిలేది కాదు.

అది పెద్దతుంబళం దస్తగిరమ్మ బోరెం.
మొగుడు పోయిన ఏడు, ఎద్దులబండి మీద
పదకొండు తెచ్చింది.
బోరెం కింద మోకాలు ఆనించినాను.
ఒక్కోదానికి మూడు కిలోలు.
ఆమె ముల్లు చూడలేదు,
నా మొగం చూసింది.
"నువ్వు సూసినావు గదా నాయనా, సాలు."

పని మానుకున్న ఏడు లెక్క కట్టినాను.
ముప్పైమూడు కిలోలు, ఆనాటి ధర, వడ్డీ,
మొత్తానికి నాలుగింతలు.
కవర్లో పెట్టి బస్సెక్కినాను.

ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసుకొని
తొడిమెలు తీస్తా ఉంది. కళ్లకు పొర.
చెప్పినాను.
మోకాలు చూపించి మరీ చెప్పినాను.
నాలుగు కాయలు, ఐదు కాయలు,
తొడిమెలు తీస్తానే ఉంది.
"ఆ ఏడే మా సిన్నోడు బడి ఇడిసింది" అనింది.
కవరు చాపితే వెనక్కి నెట్టింది.
"దీనికి ఆ బడి వస్తాదా?"

తిట్టి ఉంటే బాగుండు.
తిట్టు కూడా ఒక బాకీ తీరడమే కదా.

లేచి లోపలికి పోయింది.
జొన్నరొట్టె మీద పుండికూర ముద్ద పెట్టుకొని వచ్చింది.
"ఎండన పడి వస్తివి. తిను."

చెయ్యి చాపలేకపోయినాను.
పట్టుకోవడం, నొక్కడం, ఎత్తడం తెలిసిన చెయ్యి,
ఊరికే తీసుకోవడం తెలీదు దానికి.
ఆమె పట్టుకొనే ఉంది.
రొట్టె మీది ఆవిరి పల్చబడతా ఉంది.
ఎప్పుడో వేళ్లు విచ్చుకున్నాయి.
నేను విప్పినానని ఎట్లా చెప్పేది?
ఆకలి విప్పిందో,
ఆమె అట్లా నిలబడి ఉండటమే విప్పిందో.

ఇదా, ఇన్నేళ్లూ నేను రాయి అనుకున్నది!
ఇంత ఉత్తదా.
ఇంత ఖాళీదా.

సాక్ష్యం చెప్పమంటే లేచి
తుంగభద్ర కాలువలో మునిగిన తారీఖు చెప్పేవాన్ని,
ఫలానా రోజు రక్షణ పొందినానని.
ఇప్పుడు లేస్తే తారీఖు నోటికి రాదు.
పుండికూర పులుపు గుర్తొస్తాది.
కవరు ఇంకా పెట్టెలోనే ఉంది.
దాన్నేం చేయాలో అయ్యగారికీ తెలీదు.

ఆ రోజు బయల్దేరతాంటే వెనక నుంచి పిలిచింది.
"ఎల్లుండి బ్యాడిగికి లారీ పోతాది.
ఈ సంచి రోంత తూచి సెప్పి పో.
నీకు తెలుసు గదా."
దూలానికి స్ప్రింగు కాటా.
సంచి తగిలించి, రెండడుగులు వెనక్కి జరిగి
మోకాళ్లు దూరంగా పెట్టుకొని నిలబడినాను.
ముల్లు ఊగి ఊగి ఆగింది.

ఆమె ఈసారి కూడా
ముల్లు చూడలేదు.