తాడు చివర

జహ్రాలో తెల్లవారుజాము మూడున్నర.
ఏసీ మోత తప్ప ఇల్లంతా సద్దు లేదు.
మామా హిస్సా నన్ను తట్టి లేపుతుంది.
"కెజియా, మళ్ళీ వచ్చాడు" అంటుంది.

ఎనభై దాటిన మనిషి.
మందు వేసుకున్నదీ గుర్తుండదు.
కొడుకు పేరుతో మనవణ్ణి పిలుస్తుంది,
నన్ను ఒక్కోసారి చచ్చిపోయిన చెల్లెలనుకుంటుంది.
కల మాత్రం చెక్కుచెదరదు.

వాళ్ళ నాన్న ముత్యాల కోసం మునిగేవాడట.
ముక్కుకి తాబేటిచిప్ప పట్టు,
కాలికి రాయి, నడుముకి తాడు.
ఊపిరి అయిపోతే ఒక్క గుంజు గుంజుతాడు,
పైన పడవలో ఉన్నవాడు లాగాలి.
కలలో ఆయన గుంజుతున్నాడు.
పడవలో ఎవరూ లేరు.
"అర్థమేంటి?" అంటుంది
నా గెడ్డం పట్టుకుని, చంటిపిల్లలా.

నాకొచ్చింది వంటింటి అరబ్బీ.
ఉప్పు, చాలు, వేడి, తొందరగా...
వీటితో దేవుడి మాట ఎలా విప్పను?

రాజోలులో ఆదివారం బడిలో
సుగుణమ్మ టీచరు చెప్పేది:
కల ఫరోకి వస్తుంది,
అర్థం చెప్పే పని జైల్లోవాడిది.
ఆ యోసేపుకీ చిన్నప్పుడు వచ్చాయంట,
పనలు వంగాయి, చుక్కలు వంగాయి.
అన్నలు అమ్మేశాక మాత్రం
ఒక్క కలైనా కన్నట్టు ఎక్కడా రాయలేదు.
అప్పుడు పట్టించుకోలేదు గానీ
వీసా పడ్డ రోజు నుంచీ నాకూ రావు.
పన్నెండింటికి పడుకుని మూడున్నరకి లేచే నిద్రలో
దేవదూతకి కాలు పెట్టే చోటేదీ?

శుక్రవారం సిటీలో తెలుగు ఆరాధన.
నాకు సెలవు లేదు.
బాత్రూములో కుళాయి తిప్పి, ఫోను చెవిలో పెట్టుకుని వింటాను.
నీళ్ళ చప్పుడికి సగం మాటలు కొట్టుకుపోతాయి.
నాకందే వాక్యం ఎప్పుడూ తడిసే వస్తుంది.

నాలుగోసారి ఆ కల చెప్పినప్పుడు
నాలోకి ఒక తెలివి దూరింది.
చెప్పేద్దునా?
"మామా, ఆ తాడు నేనే.
మీ అబ్బాయి ఇనప బీరువాలో నా పాస్‌పోర్టు ఉంది.
నన్ను పంపించేస్తే మీ నాన్న పైకొస్తాడు."
మాటలు కూడా పేర్చుకున్నాను.
బీరువాని ఏమంటారో
డ్రైవరు, రాయచోటి ఖాదర్‌బాషాని అడిగి మరీ నేర్చుకున్నాను.

అప్పుడు రొట్టెలవాడు గుర్తొచ్చాడు.
ఆ జైల్లో అర్థం అడిగినవాళ్ళు ఇద్దరు కదా,
ఒకడికి మంచి, ఒకడికి చావు.
చావు ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఏం ఒరిగింది?
మంచి చెప్పించుకున్నవాడు
బయటికెళ్ళి రెండేళ్ళు మర్చిపోయాడు.
అయినా ఆయన ఒక్క ముక్క మార్చలేదు.
నేను మార్చబోయాను.
నోరు తెరిచాను.
ఆవిడ చెయ్యి నా గెడ్డం మీదే ఉంది,
వణుకుతూ, గోరింటాకు వాసనతో.

"తెలీదు మామా" అన్నాను.
"తెలిసినాయన్నే అడుగుదాం."
ఆవిడ తన వైపు తిరిగి అడిగింది,
నేను నా వైపు.
టీ మరిగేసరికి ఇద్దరం మర్చిపోయాం,
ఆవిడ నిజంగా, నేను కావాలని.

నిన్న రాత్రి
మణికట్టు దగ్గర ఏదో గుంజినట్టయి మెలకువొచ్చింది.
తన నల్ల ముసుగుని తాడులా పేని
ఒక కొస నా చేతికి ముడేసింది,
రెండో కొస పిడికిట్లో పెట్టుకుని నిద్రపోతోంది.
నీళ్ళ కింద ఎవరున్నారో
పడవలో ఎవరున్నారో
నాకు ఎంతకీ తేలలేదు.

మూడున్నర దాటింది.
ఆవిడ చిన్నగా గురక పెడుతోంది.
ముడి విప్పలేదు నేను.
కాసేపాగి, వేళ్ళతో మెల్లగా,
ఒక్కసారి
నేనూ గుంజి చూశాను.