కందకు లేని దురద

పంటు మీద టిక్కెట్లు చింపేవాణ్ణి నేను.
మనిషికి పదిహేను, మోటారు సైకిలుకి నలభై,
గంపకి పది.
పద్దెనిమిదేళ్ళు గంపకి పది వసూలు చేశాను గానీ
గంపలో ఏముందో
ఒక్కనాడూ వంగి చూడలేదు.

చూపెప్పుడూ రేవు గట్టు మీదే,
మూకుట్లో మునిగి తేలే బజ్జీ మీద,
మధ్యాహ్నం హోటలు నుంచి వచ్చే
ఎర్రటి వేపుడు పొట్లం మీద.

అమలాపురం డాక్టరు కాయితం నా వైపు తిప్పి
మూడంకెలు చూపించాడు.
"ఇది మీ టిక్కెట్టు నంబరు కాదండీ" అన్నాడు.
నవ్వాను. ఆయన నవ్వలేదు.

మర్నాడు తొలి పంటు దిగుతున్న నూకరత్నాన్ని
గంప మీద చెయ్యేసి ఆపాను.
"పది ఇచ్చేసాను గదండీ?"
"ఇచ్చావు. లోపల ఏటున్నాయి?"
నా మొహంకేసి ఓసారి చూసి
తడిగుడ్డ తీసింది.

మంచు ఆరని తోటకూర.
ఆకు వెనక ఇసుక అంటిన బచ్చలి.
పసరు కారుతున్న అరటి దూట.
అడుగున, బురద మొహంతో కంద,
ఎవరితోనూ మాటల్లేనట్టు.

అలా మొదలైంది చదువు.
ఏరు దాటేందుకు పన్నెండు నిమిషాలు,
ఒక దాటుకి ఒక కూర.

"దూటని చక్రాలు కోసి
పీచు వేలికి చుట్టుకుంటా తీసెయ్యాలండి, ఉంగరంలాగ.
మజ్జిగలో పడెయ్యండి, నల్లబడదు.
ఆవ మాత్రం దించాకే.
పొయ్యి మీద కలిపారో, చేదు."

"పొట్లకాయ నూనె అడగదండి, కాసిని పాలు పొయ్యండి."

"బచ్చలికి కంద మొగుడండి, విడదియ్యకండి."

టిక్కెట్ల వెనక రాసుకునేవాణ్ణి.
స్టీరింగు దగ్గర సత్తిరాజు
వినీ వినీ ఓసారి రేవు తప్పించాడు.

ఓ రోజు ఉండబట్టలేక అన్నాను:
"కందకు లేని దురద కత్తిపీటకెందుకు రత్నం,
నా సుగరు సంగతి నీకెందుకు?"
"కందకి దురద లేదని ఎవరన్నారండీ?
ఇంటికెళ్ళి ఉత్తి చేత్తో కొయ్యండి."

కోశాను.
మోచేతుల దాకా చింతపండు పులుముకుని కూర్చున్న నన్ను చూసి
పీచు మిల్లు నుంచొచ్చిన మా భూలక్ష్మి
గుమ్మంలోనే చతికిలబడి నవ్వింది,
కాళ్ళ నిండా కొబ్బరి పొట్టు, కళ్ళ నిండా నీళ్ళు.
ఆ రాత్రి ముద్దముద్దకీ గొంతు గీరుకుంటూ
"రేపు పులుపు ఇంకాస్త" అంటూ
గిన్నె అడుగు తుడుచుకు తింది.
ఇంటికొచ్చేసరికి అన్నం ఉడికి ఉండడం
ఆవిడకి ఎన్నేళ్ళలో మొదటిసారో
నేను లెక్కపెట్టలేదు. ఆవిడ పెట్టినట్టుంది.

అంకెలా? తగ్గాయి, కొంచెం.
డాక్టరు ఇంకా నవ్వలేదు.

శ్రావణంలో ఎర్రనీరొచ్చింది.
పంటు గట్టుకి కట్టేశారు.
అవతల లంకలో
అరటిచెట్ల తలలు తప్ప ఏమీ కనపడలేదు.
పందొమ్మిది రోజులు
బజార్లో దొరికిందే వండాను,
ఏ ఊరిదో, లారీలో చెమటపట్టిన క్యాబేజీ.
రుచి లేదని అనను.
ఎంత కడిగినా
గిన్నె అడుగున ఇసుక దిగలేదు, అంతే.

ఇరవయ్యో నాడు పంటు కదిలింది.
నూకరత్నం గంపని ఒంటి చేత్తో పట్టుకుంది.
దూట లేదు. కంద కుళ్ళింది. బచ్చలి పాదు ఏట్లో పోయింది.
గుడ్డ కింద పొన్నగంటి కూర, నాలుగు కట్టలు.
"విత్తకపోయినా లేచేది ఇదేనండి, కొత్త ఒండ్రు మీద."

పది కాయితం చాపింది.
వద్దనడానికి లెక్క కంట్రాక్టరుది.
నా జేబులో పది సంచిలో వేసి
టిక్కెట్టు చింపి నా దగ్గరే ఉంచుకున్నాను.
"దీనికేం వెయ్యాలి?"
"ఏమీ వెయ్యకండి," అంది.
పంటు సగం దాటాక
"గుప్పెడు పెసరపప్పు," అంది నీళ్ళకేసి చూస్తూ.

సాయంత్రం మూడు నీళ్ళు కడిగాను.
మూడో నీటి అడుగునా సన్నగా మెరిసింది ఒండ్రు.
పారబొయ్యబుద్ధి కాక
కరివేపాకు మొదట్లో పోశాను.