చంక దగ్గర బిగుతు

ఖైతాన్‌లో సాయంత్రం ఆరైనా
గోడ మీద చెయ్యి పెడితే పెనం.
లారీలోంచి దించాం:
ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, ఒకే పలక.
కాళ్లు నాలుగూ వేరే అట్టపెట్టెలో.
ఓబుళమ్మ కత్తిరింపు బల్ల.

మెడలో టేపుతో కిందికొచ్చి నిలబడింది ఆమె,
చున్నీ అంచుకి మూడు గుండుసూదులు.
"అన్నీ కొలిచినా అబ్బీ.
గది కొలిచినా, గుమ్మం కొలిచినా,
మిషను పోగా మిగిలే జాగా కూడా కొలిచినా."
పదకొండేళ్లుగా నేల మీద బట్ట పరిచి
మోకాళ్ల మీద పాకుతూ కత్తిరించిన మనిషి.

లిఫ్టు సంగతి చెప్పక్కర్లేదు.
నలుగురికని రాసుంటుంది,
ఇద్దరెక్కితే మూడోవాడి ఊపిరి బయటే.
హారిస్ సిగరెట్టుతోనే చూపించాడు, మెట్లు.

నేను కింద, షొఫిక్ పైన.
బరువు కిందివాడిది, దారి పైవాడిది.
ఏడేళ్లలో ఈ పని నాకు నేర్పిన శాస్త్రం ఇంతే.
మొదటి అంతస్తు దాటాం.
రెండో అంతస్తు మలుపులో పలక ఆగింది.
పైకెత్తితే కప్పు, వంచితే కటకటాలు,
నిలబెడితే ట్యూబ్‌లైటు.
"ఘురావ్" అంటాడు షొఫిక్.
"తిప్పబ్బీ" అంటుంది ఓబుళమ్మ.
"షువై షువై" అని కిందనుంచి హారిస్,
ఏమీ చూడకుండానే.
చెమట కంట్లోకి దిగుతోంది,
తుడుచుకోడానికి మూడో చెయ్యి లేదు.

ఆమె టేపు తీసింది.
ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ ఏటవాలుగా.
"చంక దగ్గర బిగుతు," అంది నెమ్మదిగా,
ఎవరో కొత్త జాకెట్టు తొడుక్కుని ఎదురుగా నిలబడ్డట్టు.
"నాలుగంగుళాలు. విప్పి కుట్టడానికి ఇది గోడైపాయ."

వెనక్కి తీసుకెళ్తే పన్నెండు దినార్లు పోతాయి.
రెండు ముక్కలు కోయిస్తే? అన్నాను.
గీత తప్పిన కత్తెరని చూసినట్టు చూసింది నన్ను.

అప్పుడు మలుపుకెదురు తలుపు తెరుచుకుంది.
గలాబియాలో ఒక లావుపాటి మిస్రీ,
చేతిలో సగం తిన్న పుచ్చకాయ ముక్క.
ఆరేళ్లుగా ఆ తలుపు ముందే ఎక్కి దిగుతోందట ఈమె,
ఒక్క సలామైనా లేదట.
అతను పలకని చూశాడు, మలుపుని చూశాడు.
ఏమీ అడగలేదు.
మూసే ఉండే రెండో రెక్క గడియ తీశాడు,
చెప్పుల్ని కాలితో జరిపాడు,
"తఫద్దల్" అన్నాడు.
మాతో కాదనుకుంటా, బల్లతో.

అలా వాళ్లింటికి చుట్టమై వెళ్లింది బల్ల,
వెల్లుల్లి వేగుతున్న వాసనలోకి,
టీవీలో ఫుట్‌బాల్‌కి అడ్డంగా, సోఫా వీపు మీదుగా.
షొఫిక్ గుమ్మంలో బూట్లు విడవబోయాడు,
పలక చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయి.
మిస్రీ నవ్వాడు, వద్దన్నాడు.
పలక కిందనుంచి ఒక చిన్నపిల్ల
వంగి దూరి అవతలికెళ్లింది, మళ్లీ ఇవతలికొచ్చింది.
నా కొస తిప్పి పైమెట్ల మీద పెట్టాను.
బయటికి లాగేసరికి నేను పైన, షొఫిక్ కింద.
బరువు అతనికెళ్లింది. బెంగాలీలో ఏదో తిట్టాడు.

నాలుగో అంతస్తు.
గదిలో బల్ల పట్టింది, మంచమే పట్టలేదు;
దాన్ని గోడకి నిలబెట్టింది ఓబుళమ్మ,
"పండుకునేటప్పుడు చూస్తాంలే."
వెల్లకిలా పడుకుని కాళ్లు బిగిస్తున్నా,
పలక అడుగున నారింజరంగు చేప స్టిక్కరు,
అంచుల్లో ఇంకా జిగురు తడి.
మూడో కాలు కొంచెం జరిపి బిగించా.
ఎవరికీ చెప్పలేదు.

ఆమె అప్పటికే బట్ట పరిచేసింది,
నిలబడి, సుద్దముక్క వెతుక్కుంటూ.
మజ్జిగ తాగి వెళ్లబోతుంటే ఆపింది.
"కిందాయన కుడిభుజం కుట్టు ఊడింది, చూసినావా?
ఆ అంగీ పంపియ్యమను. డబ్బులొద్దని చెప్పు."

రెండో అంతస్తులో తలుపు తట్టాను.
ఒక రెక్కే తెరుచుకుంది.
భుజాన్ని అరబ్బీలో ఏమంటారో నాకు రాదు.
నా భుజం మీద చెయ్యేసుకుని
అట్లాగే నిలబడ్డాను.