మూడో బండ దాకా

ఆరోజు నా పని మునగడం.
జీతం లేదు. మధ్యాహ్నం ఒక పొట్లం బంగాళాదుంప వేపుడు, అంతే.
సముద్రంలో జట్టుని నడిపించే పరీక్షకి
మెయినీర్ రెండోసారి కూచుంటోంది,
నడిపించడానికి ఏమీ రానివాళ్లు ఎవరో ఒకరు కావాలి కదా.
హోలీహెడ్‌లో రొట్టెలు కాల్చుకునే నాకు
ఏమీ రాకపోవడం బాగా వచ్చు.

పరీక్ష పెట్టే ఇద్వాల్, గడ్డంలో ఉప్పు గూడు కట్టిన మనిషి,
జీపు చాటుకి పిలిచి చెవిలో వేశాడు:
"మూడో బండ దాటగానే బోల్తా పడు.
భుజం జారినట్టు నటించు. ఆమెకి చెప్పకు."
సరే అన్నాను.

పోయిన అక్టోబరులో ఆమె తప్పింది.
తెడ్డుదేం తప్పు లేదు,
పిండిలో చెయ్యి దిగినట్టు దిగుతుంది ఆమె తెడ్డు నీళ్లలో.
తప్పు మెడది.
ఇరవై నిమిషాలు వెనక్కి తిరిగి చూడలేదట.
చూసేసరికి అయిదు కయాకుల్లో రెండు
వేరే సముద్రంలో ఉన్నాయి.

ఆ చలికాలమంతా నా దుకాణం తెరవకముందే వచ్చేది,
తపాలా సంచీ భుజాన వేసుకుని.
బల్ల మీద సముద్రపటం పరిచి దానికింత పిండి అంటించేది.
"ఆరు గంటల పోటు ఒకే తీరుగా రాదు, విను.
మొదటి గంట ఒక పాలు, తర్వాత రెండు,
మూడు, మూడు,
మళ్లీ రెండు, ఒకటి."
కొన్నాళ్లకి నా చేతులూ అదే లెక్కన పిసకడం మొదలుపెట్టాయి,
మధ్యలో గట్టిగా, చివర్లలో మెత్తగా.
రొట్టె బాగుపడిందా అంటే చెప్పలేను.

అమావాస్య వెళ్లిన రెండోనాడు పరీక్ష. పోటు పొగరు మీదుంది.
లెక్కల మేష్టారు గెథిన్,
లివర్‌పూల్ నుంచి వచ్చిన నర్సు ఫరీదా,
కవలలు ఓసియన్, మాక్సెన్ (ఎవరెవరో వాళ్లమ్మకే తెలియాలి),
నేను.
మెయినీర్ ఎడమచేతి మీద మైనపు పెన్సిలుతో గంటలు రాసుకుంది.
ఎవరు టీ తాగలేదు, ఎవరి మోకాలు సరిగా లేదు,
ఎవరి నవ్వు పొడిగా ఉంది,
అన్నీ చూసింది.
నా నవ్వు దగ్గర కాస్త ఆగింది.

మొదటి బండ. సీల్ జంతువులు తలలు మాత్రం పైకి పెట్టి చూశాయి,
పింఛను వరసలో ముసలాళ్లలా.
రెండో బండ.
ఆమె ముందు లేదు, వెనక లేదు,
గాలి వచ్చే పక్కన,
అందరం ఒక్క చూపులో పట్టే చోట.
మెడ తిరుగుతూనే ఉంది.

మూడోది కనబడుతోంది.
నడుము చుట్టూ నీళ్లు రాకుండా బిగించిన గుడ్డ,
దాని పట్టీ మీదికి నా వేళ్లు మెల్లగా చేరాయి.
నీళ్లు తొమ్మిది డిగ్రీలు.
నటించాల్సిన వేళకి చాలా ముందే
నాకు నిజంగా భయం వేసింది.

అప్పుడామె తెడ్డు తలపైకి అడ్డంగా ఎత్తింది. ఆగమని.
బండ అవతల తెల్లటి గీత,
ఎవరో చింపిన కాగితం అంచులా.
గాలి మళ్లింది, ప్రవాహానికి ఎదురు నిలబడింది,
రెండూ ఒకదాని జుట్టు ఒకటి పట్టుకున్నాయి.

"తిరుగుదాం," అంది.
"మూడో బండ మీ ప్రణాళికలో ఉంది కదా?" అన్నాడు ఇద్వాల్.
"ఉంది."
ఇంకేం చెప్పలేదు.
ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి తిప్పింది,
కవలల్ని కూడా సరిగ్గా.

ఒడ్డున వేపుడు చల్లారిపోయింది.
పని చెయ్యకుండా కూలి తింటున్నట్టుంది నాకు.
ఇద్వాల్ జీపులో తలుపేసుకుని రాస్తున్నాడు, ఎంతసేపటికీ.
మెయినీర్ నా పక్కన కూలబడి ఒక ముక్క లాక్కుంది.
"రెండో బండ నుంచీ ఆ పట్టీ తడుముతున్నావు.
ఎక్కడ పడమన్నాడు?"
చెప్పాను.
అటు చూసింది.
అక్కడ బండ లేదిప్పుడు, నురగే.

చేతి మీది అంకెల్ని ఉమ్మి రుద్దింది. పోలేదు.
"రేపు రొట్టె ఎన్నింటికి?"
"ఎప్పట్లాగే, అయిదున్నరకి."
జీపు తలుపు తెరుచుకుంది.