ముక్కెవరిది

గ్రిమ్స్‌బీ రేవులో మంగళవారం సాయంత్రం
చర్చి హాలు మేడ మీద ఇంగ్లీషు తరగతి.
హీటరు మీద ఎవరివో చేతితొడుగులు ఆరుతున్నాయి.
పాస్క్ మాస్టారు బోర్డు మీద ఒకే ఒక్క మాట రాశాడు:
స్మెల్.

ఆ మాట ఆయన ఎంచుకున్నది కాదు,
దనూటే అడిగింది.
లిథువేనియా విడిచి ఆరేళ్లు,
హాడాక్ చేపలకు పొగబెట్టే కొట్టంలో పని.
నిన్న కూతురు ఉగ్నే బడి నుంచి మోసుకొచ్చిన వాక్యాన్ని
మడత విప్పకుండా తెచ్చి బల్ల మీద పెట్టింది:
"యూ స్మెల్."
ఎవరన్నారో పిల్ల చెప్పలేదు.
స్నానం మాత్రం రెండుసార్లు చేసింది.

"ఇందులో తప్పేముంది?" అంది దనూటే.
"నువ్వు వాసన చూస్తావు, అంతేగా.
ముక్కున్న వాళ్లందరూ చూస్తారు.
మరి మా పిల్లెందుకు ఏడ్చింది?"

పాస్క్ మాస్టారు సుద్దముక్కని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.
నలభై ఏళ్లు ప్లంబింగ్ చేసిన మనిషి,
వ్యాకరణం కన్నా గొట్టాలు బాగా తెలుసు.
"ఇది రెండు వైపులా పారే గొట్టం" అన్నాడు.
"పువ్వును నేను స్మెల్ చేస్తాను.
పువ్వూ స్మెల్ చేస్తుంది, దానికి ముక్కు లేకపోయినా.
ఎలా అన్నది చెప్పకుండా
ఈ మాటను ఒట్టిగా మనిషి మీద వదిలేస్తే మాత్రం
అది కంపే."

ఆ తర్వాత దాని చుట్టాలందర్నీ పిలిచాడు.
స్నిఫ్: కుక్కలా, జలుబు చేసినవాడిలా, పొట్టి పొట్టి ఊపిరితో.
విఫ్: గాలి తలుపు తీసి మూసేలోపు అందినంత.
సెంట్: డబ్బు పోసి కొన్నది, లేదా వేటకుక్క వెంటపడేది.
స్టింక్ పిల్లల నోట్లో ఉండే మాట.
రీక్ దగ్గర ఆగిపోయాడు.
"మా తాతది స్కాట్లండ్. పొగని ఆయన ఇలాగే పిలిచేవాడు.
పొయ్యి మీంచి లేచే ఒట్టి పొగని."

ఇదంతా రాస్తున్న నా భాషలో
వాసన చూస్తాం, రుచి చూస్తాం, నాడి పట్టి చూస్తాం,
ముక్కూ నాలుకా వేళ్లూ అన్నీ
కంటి కింద కూలీలే.
అటు నుంచి వచ్చేటప్పుడు మాత్రం
వాసన వేస్తుంది, వస్తుంది,
కొడుతుంది.
ఆ ఆఖరి మాట ఎవరో దెబ్బ తిన్నవాళ్లే పెట్టి ఉంటారు.

దనూటే నోటుబుక్కులో రాసుకోని సంగతి ఒకటుంది.
కొట్టం మేస్త్రి లెన్ కాథోర్న్,
తలుపు సందున ముక్కుపెట్టి
చేప పదును చెప్పగల మనిషి,
రెండేళ్ల కిందటి జ్వరంలో వాసన పోగొట్టుకున్నాడు.
ఇంట్లో కూడా చెప్పలేదట.
తెల్లవారుజామున నాలుగింటికి తలుపు ఓరగా తీసి,
పాత అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని,
పక్కన దనూటే మోచేత్తో పొడిచేదాకా నిలబడతాడు.
ఒక పోటు, ఇంకాసేపు.
రెండు పోట్లు, "దించండ్రా!" అని ఆయన కేక.
గురువారం రాత్రి పని రెట్టింపు,
ఈ ఊరు శుక్రవారం చేప తింటుంది.
ఓనరు కొడుక్కి ఏదో అనుమానం వచ్చి
"ఐ స్మెల్ ఎ ర్యాట్" అన్నాడొకసారి.
పాపం దనూటే ఆ పూటంతా
బస్తాలు జరిపి జరిపి ఎలుక కోసం వెతికింది.

తరగతి అయ్యాక బస్సు.
పక్క సీటు ఎప్పట్లాగే ఖాళీ.
మార్కెట్టు దగ్గర ఒక ముసలమ్మ ఎక్కి,
ముందు సీట్లన్నీ వదిలేసి వచ్చి కూర్చుంది.
సంచి ఒళ్లో సర్దుకుని, గుండె నిండా ఒక ఊపిరి తీసుకుని,
"శుక్రవారంలా స్మెల్ చేస్తున్నావమ్మాయ్" అంది,
కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇవాళ మంగళవారం.
దనూటే నోటుబుక్కు తీసింది.
తిట్ల వైపు రాయాలా, మెప్పుల వైపా?
బస్సు కుదుపుల్లో, రెండింటి మధ్య గీత మీదే
వంకరగా రాసింది: శుక్రవారం.

ముసలమ్మ దిగాల్సిన స్టాపు ఏదో గాని,
ఇంకా దిగలేదు.