ఊ కొట్టుడు

సిరొంచ బస్టాండు ఎదురుంగ నా సేవా కేంద్రం.
ఒక ప్రింటరు, రెండు కుర్చీలు, గోడకు
కరెంటు పోయే వేళలు రాసిన అట్ట.
అంకీస నుంచి దుర్గం లచ్చుబాయి మూడోసారి వచ్చింది,
తునికాకు బోనసు ఎందాక వచ్చిందో చూడుమని.

నిన్న ఐదు వందల మూడు.
కల్లంల కట్టలు లెక్కపెట్టేటోడు ఒక్కడు,
తెచ్చినోళ్లు మూడు వందల మంది. గట్లనే అది.

"ఇయ్యాల ఏమంటున్నదే బిడ్డా?"
"నాలుగు వందల నాలుగు."
"రూపాలా?"

నవ్వలేదు నేను. అడిగిన చోటు లేదంటున్నదవ్వా అన్న.
లేదని చెప్పెటందుకైనా అక్కడ ఒకరున్నరు.
తాలూకా ఆఫీసుల క్లర్కుకు అన్నిటికీ ఒక్కటే మాట, నాహీ.
మెషిను నయం. దానికి
లేదు వేరు, కూడదు వేరు,
ఇప్పుడు కాదు, తర్వాత రా, అది వేరు.

గ్రామసేవకు ఇచ్చిన చీటీ మీది అడ్రసు
వేలు పెట్టి అక్షరమక్షరం చదివిన.
సున్నా ఉండాల్సిన కాడ ఓ.
దిద్దిన. నాలుగు వందల మూడు.
తలుపు దొరికింది, తియ్యరు.
నా లాగిన్ గడువు తీరిందట. కొత్తది పెట్టిన.
చక్రం తిరిగింది, తిరిగింది,
ఐదు వందల నాలుగు.

ఇది నాకు చిన్నప్పటి నుంచి ఎరుకే.
వంతెన పడకముందు మా బాపు పడవ నడిపేటోడు.
కాళేశ్వరం ఒడ్డుకు కబురు పట్టుకపోయి
పిలిచి పిలిచి, పొద్దుగూకినంక
ఉత్త చేతుల్తోని వచ్చి చెప్పేటోడు:
"నేనైతే పోయిన. ఆ ఒడ్డే పలుకలే."
జనం పడవోణ్ణి తిట్టేటోళ్లు.
నేను గూడ ముందు రౌటర్నే తిడుత,
తర్వాత సిగ్గుపడుత.

ఛాయ్ తాగినం. గడ్చిరోలికి ఫోన్ చేస్తే
అక్కడి పోరడు, కుమ్రె విలాసు,
ఏదో ఆపి మళ్ల మొదలుపెట్టిండు.
పన్నెండున్నరకు
రెండు వందలు.
అంటే సరే. అంటే అంతా బాగున్నది.
తెల్లటి పేజీ తెరుచుకున్నది.
ఆమె పేరు లేదు, పైసల్లేవు, తప్పని గూడ లేదు.
కింది దాక జరిపిన. తెలుపే.

ఇన్నేండ్ల పనిల నన్ను భయపెట్టింది ఈ సరే ఒక్కటే.
ఈ తప్పుకు నంబరు పెట్టలేదెవరూ.

లచ్చుబాయి తెర దిక్కు చూడనే లేదు, నా మొకం చూసింది.
"ఊ కొట్టినోళ్లంత కత విన్నట్టా, బిడ్డా?"

పొడుగు నోటుబుక్కుల రాసిన:
తారీఖు, టైము, రెండు వందలు, ఖాళీ.
రేపు విలాసుకు చదివి వినిపియ్యాలె.
ఆమె లేస్త లేస్త ఆగింది.
"అన్నీ అంకెలే రాసినవు. పక్కన నా పేరు రాయి."